పాలీహౌస్‌లో మిత్ర పురుగులు: మొదటి విడత ఎందుకు చచ్చిపోయింది

నన్ను పిలిచేనాటికి ఆ పాలీహౌస్‌లో వారం, పది రోజులకోసారి మందు పడుతోంది. పక్కపక్కనే మూడు షెడ్లు. మొదటిదాంట్లో కీరదోస, రెండోదాంట్లో క్యాప్సికం, మూడోదాంట్లో టమాటా. కీరదోసలో ఎర్రనల్లి, క్యాప్సికంలో తామర పురుగు, టమాటాలో తెల్లదోమ. "మందు మార్చినప్పుడల్లా నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది సార్, మళ్లీ మొదటికే వస్తుంది" అన్నారు రైతు. దానికి తోడు కీరదోస రోజు విడిచి రోజు కోసే పంట. మందు కొట్టాక కోతకు వారం ఆగాలని డబ్బా మీద రాసి ఉంటే, ఆ వారంలో మూడు కోతలు పోయినట్టే. పంటను పాడుచేసే పురుగులను తినే మిత్ర పురుగుల వైపు ఆయన్ని తోసింది ఈ లెక్కే. ఆ మాట దాచకుండా చెప్పారు. ఇలాంటివాళ్లతో పని చేయడం నాకు తేలిక. లెక్క కుదిరినంతకాలం వెనక్కి పోరు.

ఈ కేసులో బాగా జరిగినవీ ఉన్నాయి, చేజేతులా చెడగొట్టుకున్నవీ ఉన్నాయి. మొదటి తప్పు నాదే కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

కీరదోస షెడ్డు

ఎర్రనల్లి మందులకు ఎందుకు లొంగడం లేదో రైతుకు ముందు చెప్పాల్సి వచ్చింది. 30 డిగ్రీల వేడిలో దాని గుడ్డు వారం తిరిగేసరికి గుడ్లు పెట్టే తల్లి అవుతుంది. నెలలో నాలుగు తరాలు. పైగా ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి కూడా పిల్లలు పుడతాయి, అవన్నీ మగవే, వాటికి క్రోమోజోములు తల్లి వైపువి ఒక్క వరుసే ఉంటాయి. మందును తట్టుకునే జన్యువు ఉన్నా, లేకపోయినా మగ నల్లిలో అది దాగదు. తట్టుకోలేనిది చస్తుంది, తట్టుకున్నది జత కడుతుంది. ఒకే మందు రెండు మూడు సార్లు కొడితే మిగిలేవన్నీ దానికి అలవాటుపడ్డ సంతానమే.

దానికి జవాబుగా నేను ఎంచుకున్నది ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే పరభక్షక నల్లి. నారింజ రంగు, బొడ్డుమల్లె మొగ్గంత కూడా ఉండదు, అర మిల్లీమీటరు. ఎర్రనల్లి ఆకు మీద నింపాదిగా కదులుతుంది, ఇది పరుగు తీస్తుంది. కంటితో రెండింటినీ వేరు చేయడానికి ఆ పరుగు ఒక్కటి చాలు. రోజుకు 20 దాకా గుడ్లో, 5 పెద్ద నల్లులో తింటుంది. 20 డిగ్రీల దగ్గర ఎర్రనల్లి ఎదగడానికి పట్టే సమయంలో సగమే దీనికి పడుతుంది. గూడు అల్లుకున్న చోటికీ దూరుతుంది. ఎర్రనల్లి తప్ప ఇంకేదీ తిని బతకలేదు, అదే దీని బలం, అదే బలహీనత. 1958లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద ఇది అనుకోకుండా దొరికింది. తర్వాత 1967లో నెదర్లాండ్స్‌లో యాన్ కొప్పెర్ట్ అనే కీరదోస రైతు దీన్ని పెంచి వాడడం మొదలుపెట్టాడు. అంటే ఈ కథ మొదటినుంచీ కీరదోస కథే.

సీసాలు వచ్చిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. చెక్కపొట్టులో కలిపి పంపుతారు. సీసాను పడుకోబెట్టి మెల్లగా దొర్లించాలి. నల్లులన్నీ మూత దగ్గరికి చేరి ఉంటాయి, దొర్లించకపోతే మొదటి సాలుకు నూరు, చివరి సాలుకు ఉత్త పొట్టు పడుతుంది. ఒక చెంచాడు తెల్ల కాగితం మీద పోసి చూశాం. నారింజ చుక్కలు నలుదిక్కులా పరుగులు తీశాయి. సరుకు బాగుంది. ఎండ తగ్గాక, నల్లి ముదిరిన మచ్చల దగ్గర ఎక్కువగా, మిగతా చోట పలుచగా వదిలాం.

నాలుగో రోజు వెళ్లి భూతద్దం పెట్టి చూస్తే ఒక్కటీ లేదు. ముప్పై ఆకులు తిప్పాను. ఎర్రనల్లి మాత్రం హాయిగా గూడు అల్లుకుంటోంది. రైతు ఏమీ అనలేదు. అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

అప్పుడు చేసిన పని ముందే చేసి ఉండాల్సింది. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు తీసుకుని అడుగున తడి టిష్యూ కాగితం పరిచాను. ఒకదాంట్లో ఆ షెడ్డులోని ముదురాకు, రెండోదాంట్లో మందు ఎరగని నారు మొక్క ఆకు. రెండింటి మీదా కొన్ని ఎర్రనల్లులు ఉండేలా చూసి, సీసా అడుగున మిగిలిన పరభక్షక నల్లులను పదేసి చొప్పున సన్నని కుంచెతో ఎత్తి వదిలాను. మర్నాడు పొద్దున నారు ఆకు మీద 9 తిరుగుతున్నాయి, పదోది మూత అంచున ఉంది. షెడ్డు ఆకు మీద 8 వెల్లకిలా, కాళ్లు లోపలికి ముడుచుకుని పడి ఉన్నాయి. మిగతా రెండు కుంచె తగిలితే కాలు కదిపాయి, అంతే. ఎర్రనల్లులకు ఏమీ కాలేదు. ఆ మందుకు అవి ఎప్పుడో అలవాటుపడ్డాయి.

పాత నోటుపుస్తకం తెప్పించాం. విడుదలకు 5 వారాల ముందు సింథటిక్ పైరిథ్రాయిడ్ కొట్టినట్టు అందులో ఉంది. రైతు అబద్ధం చెప్పలేదు. "ఈ నెలలో ఏం కొట్టారు?" అని నేను అడిగాను, ఆయన ఆ నెలవి చెప్పారు. పైరిథ్రాయిడ్ అవశేషం ఆకు మీద 8 నుంచి 12 వారాల దాకా మిత్ర పురుగులను చంపగలదు. పాలీహౌస్‌లో వాన పడి కడిగేది లేదు, ప్లాస్టిక్ కప్పు అతినీలలోహిత కిరణాలను కొంత అడ్డుకుంటుంది కాబట్టి మందు ఎండకు విరిగిపోవడమూ ఆలస్యమే. బయటి పొలంలో పనికొచ్చే అంచనాలు ఇక్కడ పనికిరావు. ఇది నాకు తెలియని సంగతి కాదు. అడగాల్సిన ప్రశ్నలో "మూడు నెలలు" అనాల్సిన చోట "నెల" అన్నాను, ఒక విడత మొత్తం పోయింది.

తర్వాతి మూడు వారాలు మిత్ర పురుగుల ఊసు ఎత్తలేదు. కీరదోస తీగ వేగంగా సాగుతుంది, పైన వచ్చే కొత్త ఆకులకు పాత మందు ఉండదు. అందుకని కింది ముదురాకులు, ముఖ్యంగా గూడు కట్టినవి, అక్కడికక్కడే సంచిలో వేసి మూతి కట్టి బయటికి పంపాం. చేత పట్టుకుని సాళ్ల వెంట తీసుకెళితే నల్లిని మనమే పంచినట్టు అవుతుంది. మధ్యలో రెండుసార్లు పురుగుమందు సబ్బు ద్రావణం ఆకుల అడుగు తడిసేలా, సాయంత్రం పూట కొట్టించాను. తగిలినంతవరకే చంపుతుంది, ఆరాక దాని ప్రభావం ఉండదు. వారానికోసారి డబ్బా పరీక్ష పెట్టాం. మూడోసారి పైనుంచి ఐదో ఆకు మీద పదికి పదీ బతికాయి. అప్పుడు రెండో విడత తెప్పించాం.

ఈలోగా సాళ్లలో తీగలు కట్టే ఆమెకు నా దగ్గరున్న పది రెట్ల భూతద్దం ఒకటి ఇచ్చాను. వారానికోసారి వచ్చే నాకంటే రోజూ ప్రతి మొక్కనూ ముట్టుకునేవాళ్లకు ముందు తెలుస్తుందని అనుభవం. "ఆకు మీద ఇసుక చల్లినట్టు తెల్ల చుక్కలు కనపడితే అడుగున చూడండి, నల్లి ఉంటే ఆ తీగకు ఎర్ర రిబ్బను కట్టండి" అని చెప్పాను. రెండో విడత వదిలేనాటికి షెడ్డులో 14 రిబ్బన్లు ఉన్నాయి. 11 దక్షిణం వైపు, తలుపు దగ్గర, వేడి గాలి తగిలే రెండు సాళ్లలోనే. మొత్తం షెడ్డుకు చదరపు మీటరుకు 6 చొప్పున చల్లి, రిబ్బను కట్టిన చోట చదరపు మీటరుకు 20కి తగ్గకుండా వేశాం.

ఆరో రోజున ఒక రిబ్బను ఆకు తిప్పి చూస్తే, గుండ్రటి నీటిబొట్టు లాంటి ఎర్రనల్లి గుడ్ల మధ్య వాటికి రెట్టింపు ఉన్న కోలగుడ్లు కొన్ని, లేత గులాబీ ఛాయలో. అవి పరభక్షక నల్లివి. నాకు ఈ పనిలో అన్నిటికంటే సంతోషమిచ్చే దృశ్యం అదే. తెచ్చి వదిలినవి తింటున్నాయనడానికి కాదు, అక్కడే కాపురం పెట్టాయనడానికి గుర్తు. మూడో వారానికి మచ్చలు ఆరిపోయాయి. నారింజ నల్లులు తీగల కొసలకు ఎక్కి గుంపులు కట్టాయి. ఆకలేస్తే అవి అలాగే పైకి పోయి అక్కణ్నుంచి చెదిరిపోతాయి. మరో వారానికి అవీ కనపడలేదు. "మన పురుగులు కూడా పోయాయి సార్" అని ఆమె కంగారుగా చెప్పింది. తిండి అయిపోతే దీనికి చావు తప్పదని, మళ్లీ నల్లి కనపడితే మళ్లీ తెప్పించాల్సిందేనని వివరించాను. రైతుకు ఈ ఏర్పాటు అంతగా నచ్చలేదు. నచ్చకపోవడంలో న్యాయం ఉంది.

ఎండలు ముదిరాక ఇంకో చిక్కు. మధ్యాహ్నం తీగల పైభాగంలో వేడి 34 దాకా పోయింది, గాలిలో తేమ బాగా పడిపోయింది. తేమ 60 శాతం దిగువకు పోతే పెర్సిమిలిస్ గుడ్లు ఎండి ముడుచుకుపోతాయి. పెద్దవి కిందికి దిగిపోతాయి, పైన ఎర్రనల్లికి అడ్డు లేదు. సన్నని నీటి తుంపర చిమ్మే ఫాగర్లను మధ్యాహ్నం కొద్దికొద్ది సెకన్లు నడిపితే మేలు జరిగింది కానీ, ఆకు తడిసేదాకా పోతే కీరదోసలో బూజు తెగులుకు మనమే పీట వేసినట్టవుతుంది. అందుకని ఫాగర్‌ను అతిగా నమ్ముకోకుండా, వేడిని పొడిని తట్టుకునే మరో పరభక్షక నల్లి నియోసీయులస్ కాలిఫోర్నికస్‌ను దక్షిణపు సాళ్లకు అదనంగా పెట్టాం. ఇది నెమ్మదిగా తింటుంది కానీ పుప్పొడి మీద కూడా బతుకుతుంది, నల్లి లేనప్పుడు షెడ్డు వదిలిపోదు. మచ్చ ఆర్పడానికి పెర్సిమిలిస్, కాపలాకు కాలిఫోర్నికస్. పంట చివరిదాకా ఆ షెడ్డులో నల్లి మందు మళ్లీ పడలేదు.

క్యాప్సికం షెడ్డు

ఇక్కడ డబ్బా పరీక్ష ముందే చేశాం కాబట్టి తొలి మెట్టు దాటేశాం. తామర పురుగు మీద ఎంచుకున్నది ఆంబ్లిసియస్ స్విర్‌స్కీ. 2005 నుంచి అమ్మకంలో ఉన్న ఈ నల్లి కూరగాయల పాలీహౌస్‌ల తీరునే మార్చింది. స్పెయిన్‌లోని అల్మేరియా ప్రాంతపు క్యాప్సికంలో అనుమతి లేని ఐసోఫెన్‌ఫాస్ మిథైల్ అవశేషాలు 2006 చివర్లో జర్మనీలో బయటపడ్డాయి. సరుకు వెనక్కి పోయే పరిస్థితి వచ్చేసరికి అక్కడి రైతులు ఒకటి రెండు సీజన్లలోనే దాదాపు అందరూ మిత్ర పురుగులకు మారిపోయారు, ఆ మార్పుకు ఆసరా స్విర్‌స్కీ. మా రైతుకు ఈ సంగతి చెబితే "అంటే వాళ్లదీ లెక్కే కదా సార్" అన్నారు.

స్విర్‌స్కీ చిన్న కాగితపు సంచుల్లో వస్తుంది. లోపల తవుడు, ఆ తవుడు తినే హానిలేని నల్లి, దాన్ని తిని పెరిగే స్విర్‌స్కీ. సన్నని కంత గుండా నాలుగైదు వారాల పాటు రోజూ కొన్ని బయటికి నడుస్తాయి. సంచి నీడలో, ఆకుల గుబురులో, కొమ్మకు ఆనుకుని వేలాడాలి. ఎండ తగిలే చోట కట్టినవి మూడు రోజుల్లో వేడికి మాడాయి. తెరిచి చూస్తే తవుడు గలగలమంటోంది. వాటిని మార్చి కట్టించాను.

పూత మొదలైన వారానికి వదలడం మంచిది, పుప్పొడి దొరికితే పురుగు లేకపోయినా స్విర్‌స్కీ గుడ్లు పెడుతుంది. అంటే శత్రువు రాకముందే సైన్యం సిద్ధంగా ఉంటుంది. ఎక్కడ వెతకాలో తెలియకపోతే ఇది కంటికి దొరకదు. క్యాప్సికం ఆకు అడుగున నడిమి ఈనె నుంచి పక్క ఈనెలు చీలే మూలల్లో చిన్న నూగు కుచ్చులు ఉంటాయి. ఆకును వెలుతురుకు పట్టి ఆ మూలల్లో భూతద్దం పెడితే, గోధుమ రంగు చినుకుల్లా రెండో మూడో కూర్చుని ఉంటాయి. వారానికి 40 ఆకులు చూసి, ఎన్ని ఆకుల్లో ఉందో రాసేవాళ్లం. సగానికి పైగా ఆకుల్లో కనపడితే నేను ఇక ఆ షెడ్డులో తామర పురుగు గురించి నిద్ర పాడుచేసుకోను.

అయితే స్విర్‌స్కీ తినేది తామర పురుగు లేత పిల్లలనే. పెద్దది దీనికి లొంగదు. పెద్దవి పూలలో ఉంటాయి, వాటికి ఓరియస్ అనే చిన్న పురుగు కావాలి, సూది లాంటి ముట్టెతో పొడిచి పీల్చేస్తుంది. పువ్వును తెల్ల కాగితం మీద తట్టితే తామర పురుగుల పక్కనే నలుపు తెలుపు రెక్కలతో పరుగెత్తుతూ దొరుకుతుంది. ఇది మొక్క కణజాలం లోపల గుడ్లు పెడుతుంది, నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. వదిలిన పది రోజులకే "కనపడటం లేదు" అని ఫోను వచ్చింది. ఆగమన్నాను. అయిదో వారంలో పది పూలు తడితే నాలుగింట్లో ఓరియస్ పిల్లలు, నారింజ రంగులో. అప్పటినుంచి నీలి జిగురు అట్టల మీద తామర పురుగు లెక్క వారం వారం దిగుతూ వచ్చింది.

మధ్యలో బూడిద తెగులు వచ్చింది. రాత్రిపూట గంధకం ఆవిరి పెట్టే అలవాటు ఆ షెడ్డుకు ముందునుంచీ ఉంది, ఎవరూ నాతో చెప్పకుండానే మళ్లీ పెట్టారు. రెండు వారాల్లో స్విర్‌స్కీ ఉన్న ఆకులు 40కి 26 నుంచి 11కి పడిపోయాయి. తప్పు ఎవరిదని వెతకలేదు, తెగులు మందులు కూడా నాకు చెప్పాలని నేను అడగలేదు కాబట్టి. ఆవిరి ఆపి పొటాషియం బైకార్బొనేట్ పిచికారీకి మారాం, కొత్త సంచులు కట్టాం.

అసలు దెబ్బ పేనుబంక కొట్టింది. మందులు కొట్టినంతకాలం ఆ షెడ్డులో అది పెద్ద సమస్య కాదు, తామర పురుగు కోసం కొట్టిన వాటికే అదీ పోయేది. మందు ఆగిన రెండో నెలలో లేత కొసలు ముడుచుకుని, కాయల మీద జిగట, దాని మీద మసి. మిత్ర పురుగులకు మారే ప్రతి షెడ్డులోనూ ఇది వస్తుంది, ముందే చెప్పి పెట్టకపోతే రైతు మర్నాడే పాత డబ్బా తీస్తారు. చెప్పి పెట్టాను కాబట్టి తీయలేదు, కానీ చెయ్యి డబ్బా మీదే ఉంది.

దీనికి అఫీడియస్ కొలెమాని అనే చిన్న బదనిక, అంటే ఇంకో పురుగు ఒంట్లో పెరిగే కందిరీగ జాతి పురుగు. పేనుబంక ఒంట్లో గుడ్డు పెడుతుంది, లోపలి పిల్ల దాన్ని తినేస్తుంది, వారం పది రోజుల్లో పేనుబంక ఉబ్బి, గోధుమ బంగారు రంగు గింజలా ఆకుకు అంటుకుపోతుంది. ఈ బదనికకు నిత్యం ఇల్లు ఉండేలా గోధుమ నారు కుండీల్లో పెంచి వాటి మీద రోపాలోసైఫం పాడి అనే పేనుబంకను ఎక్కించాం. అది గడ్డిజాతి మొక్కలనే తింటుంది, క్యాప్సికంను ముట్టదు. బదనికలు అందులో పెరిగి పంటలోకి వస్తూ పోతూ ఉంటాయి. మంచి ఏర్పాటు. రెండో వారంలో కొత్తగా చేరిన పనివాడు ఆ కుండీలు చూసి, ఇంత పురుగు పట్టిందేమిటని, శుభ్రంగా సబ్బు నీళ్లతో కడిగి, గోధుమ పీకి, కుండీలు బోర్లించి ఆరబెట్టాడు. అతని పని తీరుకు వంక పెట్టడానికి లేదు. తర్వాతి కుండీలకు "ఈ పురుగు మనదే, ముట్టవద్దు" అని పెద్ద అక్షరాలతో అట్ట కట్టాం.

వేసవి మధ్యలో బదనికల పని మందగించింది. ఉబ్బిన గింజలు చాలానే ఉన్నాయి, పేనుబంక మాత్రం తగ్గడం లేదు. భూతద్దంలో చూస్తే కారణం దొరికింది. అఫీడియస్ బయటికి వచ్చేటప్పుడు గుండ్రంగా, కత్తిరించినట్టు కంత చేస్తుంది, చిన్న మూత కూడా వేలాడుతుంది. ఇక్కడ సగం గింజలకు కంత అంచులు ఎలుక కొరికినట్టు ఉన్నాయి. అంటే బదనిక మీద ఇంకో బదనిక పడింది. అది వచ్చాక కుండీలు ఉంచితే శత్రువును పెంచినట్టే, తీసేయించాను.

ఆ ఖాళీలో నేను రెండో పొరపాటు చేశాను. పేనుబంకను తినే అఫిడోలెటెస్ ఈగను తెప్పించి వదిలాను. రాత్రిపూట తిరిగి, పేనుబంక గుంపుల్లో గుడ్లు పెట్టే ఈగ అది, దాని నారింజ పిల్లలు బాగా తింటాయి. గుడ్లు కనపడ్డాయి, పిల్లలు మాత్రం దాదాపు రాలేదు. స్విర్‌స్కీ ఆ గుడ్లను తినేస్తుందన్నది పరిశోధనల్లో తేలిన విషయమే. ఆకు నిండా స్విర్‌స్కీ ఉన్న షెడ్డులోకి ఆ ఈగను పంపడం నా తొందర. మిత్రులందరూ ఒకరికొకరు మిత్రులు కారు. చివరికి ముదిరిన కొసల దగ్గర అల్లిక రెక్కల పురుగు పిల్లలను కుంచెతో విడివిడిగా వదిలాం. ఒకే చోట గుంపుగా పోస్తే ఒకదాన్నొకటి తింటాయి. మరీ జిగటగా ఉన్న కొసలకు సబ్బు ద్రావణం. స్తంభాల వెంట చీమల బారులు ఉన్నాయి, తేనె జిగట కోసం అవి పేనుబంకకు కాపలా కాస్తాయి. వాటిని ఆపాకే పని నిలబడింది. ఈ షెడ్డులో ఏడెనిమిది సాళ్ల కాయలు మసి వల్ల రెండో రకంలోకి పోయాయి. ఆ నష్టం ఈ కేసులో నా ఖాతాలో వేసుకోవాల్సిందే.

టమాటా, క్లుప్తంగా

తెల్లదోమల్లో రెండు రకాలు. రెక్కలు బల్లపరుపుగా పరిచి కూర్చునేది గ్రీన్‌హౌస్ తెల్లదోమ, ఇంటి కప్పులా వాలుగా మడిచేది బెమిసియా. ఇక్కడ ఉన్నది మొదటిది, కాబట్టి ఎన్‌కార్సియా ఫార్మోసా అనే బదనిక సరిపోయింది. ఇది తెల్లదోమ పిల్లల్లో గుడ్డు పెడుతుంది, అలా బదనిక చేరిన పిల్ల నల్లబడుతుంది. బెమిసియా అయితే నేను ఎరెట్మోసెరస్ అనే ఇంకో బదనిక వైపు పోయేవాణ్ని. ఎన్‌కార్సియా ఈ పనిలో అందరికంటే పాతది. 1920ల్లో ఇంగ్లండ్‌లో ఒక టమాటా రైతు తెల్లదోమ పిల్లల్లో కొన్ని నల్లగా మారడం గమనించి చూపించగా, చెషంట్ పరిశోధన కేంద్రంలో స్పేయర్ దాన్ని పెంచి పంచాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త రసాయన మందులు వచ్చి దాన్ని మూలన పెట్టాయి, అవే మందులు పనిచేయనప్పుడు మళ్లీ బయటికి తీశారు.

నాలుగు వారాల విడుదల తర్వాత కింది ఆకుల్లో పిల్లలు నల్లబడటం మొదలైంది. సరిగ్గా అప్పుడే కింది ఆకులు దూసే పని వచ్చింది. ఆకులు తీసి బయట పారేస్తే, ఇంకా బయటికి రాని బదనికలు కూడా చెత్తలోకి పోతాయి. మొదటి రెండు సాళ్లు అలాగే పోయాయి. ఆ తర్వాత తీసిన ఆకులను సాళ్ల మధ్య నేల మీదే వారం పాటు ఉంచి, తర్వాత బయటికి పంపడం అలవాటు చేశాం. తెల్లదోమ పెద్దవి నల్ల పిల్లలతో పాటు ఉన్న ఆకుల్ని మాత్రం ఉంచలేదు. ఇంకో మాట. క్యాప్సికంలో మిగిలిన స్విర్‌స్కీ సంచులు రైతు తనంతట తానే టమాటాకు కట్టారు. టమాటా కాండం మీది జిగురు నూగుకు ఆ నల్లులు అంటుకుని చచ్చాయి. భూతద్దంలో చూపించాను, ఆయనే సంచులు విప్పారు.

రెండో పంట

మూడు షెడ్లకూ కలిపి ఆ సీజన్‌లో సబ్బు, బైకార్బొనేట్ కాక పడిన పురుగుమందు ఒక్కసారి, అదీ టమాటాలో కాయ తొలిచే పురుగుకు బీటీ అనే బ్యాక్టీరియా మందు. అది గొంగళి పురుగులనే చంపుతుంది, మిగతా సైన్యానికి ఏమీ కాదు. రైతు రెండో పంటకూ ఇదే పద్ధతి అన్నారు. ఈసారి నా ప్రశ్నల కాగితంలో మొదటి వరుస ఇలా ఉంది: గత మూడు నెలల్లో ఈ షెడ్డులో, ఈ మొక్క మీద, ఎక్కడైనా, ఏదైనా కొట్టారా, పోశారా, ఆవిరి పెట్టారా.

క్యాప్సికం నారు బయటి నర్సరీ నుంచి వచ్చింది. "మందేమీ వేయలేదు" అన్నారట. అయినా డబ్బా పరీక్ష పెట్టాం. ఈసారి ఓరియస్‌తో, అది తిండి లేనప్పుడు మొక్క రసం కూడా పీలుస్తుంది కాబట్టి. రెండో రోజుకు పదింట్లో ఏడు చచ్చాయి. ఆకు మీద ఏమీ లేదు, లోపలే ఉంది. వేరుకు పోసి మొక్కంతా పాకే నియోనికోటినాయిడ్ రకం మందు అయి ఉండాలని నా అనుమానం. నర్సరీవాళ్లు మళ్లీ అడిగితే ఫోను ఎత్తలేదు. స్విర్‌స్కీ సంచులు వేళకే కట్టాం, ఓరియస్‌ను మాత్రం ఆపి, వారం వారం డబ్బాలు పెడుతున్నాం. ఇది రాసేనాటికి నాలుగో డబ్బా. పదింట్లో ఎనిమిది బతికి ఉన్నాయి.